నూట పదహారు

ఊరి పేరే సాఫీ.
సముద్రం మాత్రం ఇక్కడ ఏనాడూ సాఫీగా ఉండదు.
సార్డిన్ చేపల బుట్టలు
తెల్లారకముందే రేవు నుంచి మా గేటు దాటుతాయి,
సాయంత్రానికి డబ్బాల్లో మూతపడి
పేరూ తేదీ వేయించుకుంటాయి.
వాటికంటే చక్కగా సర్దుకుని పడుకుంటాయి
మా రికార్డు గదిలో కాగితాలు.

పదకొండేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో
అంతర్గత ఆడిటర్లను తయారుచేస్తున్నాను.
రెండు రోజులు, నలభై ఆరు స్లయిడ్లు,
మధ్యలో పుదీనా టీ,
చివర పది ప్రశ్నల పరీక్ష.
పరీక్ష ఎవరూ తప్పలేదు.
తప్పు ఎవరికీ కనపడనూ లేదు.

ఈసారి వచ్చినవాళ్ళలో గిజ్లాన్ ఒకతి.
లేబుళ్ళ విభాగం. మాట తక్కువ.
వల టోపీ కింద, చెవి వెనక, కొరికిన పెన్సిలు.
నా చెక్‌లిస్టు చేతికిచ్చి
ఆటోక్లేవ్ గదికి పంపాను.
ఉష్ణోగ్రత చూస్తున్నారా? అవును, కాదు.
నమోదు చేస్తున్నారా? అవును, కాదు.
గంటలో టిక్కులు పెట్టుకొచ్చే పని.
మధ్యాహ్నం నమాజు పిలుపు వినపడింది.
ఆమె రాలేదు.

వెళ్ళి చూద్దును కదా,
బోర్లించిన చేపల ట్రే మీద కూర్చుని ఉంది,
ఆవిరిలో, ఆపరేటర్ బూష్తా పక్కన.
నా చెక్‌లిస్టు మడిచి విసురుకుంటోంది.
అడిగింది ఒక్కటేనట:
"ఎలా చూస్తావో ఒకసారి చూపించు, బాబాయ్."

మీటరు అద్దం పగిలి లోపల నీరు పట్టింది.
ముల్లు ఎక్కడుందో ముల్లుకే తెలియాలి.
బూష్తా చెవి పెట్టి వింటాడు,
ఆవిరి ఈల సన్నబడిన చోట
నూట పదహారు అని రాస్తాడు.
పావుగంటకోసారి నూట పదహారు.
పెళ్ళి చదివింపుల పద్దులా
పేజీ నిండా నూట పదహార్లే.

దొంగ లెక్క అన్నాను. అతని పేరు రాయమన్నాను.
గిజ్లాన్ రాయలేదు.
"ఎవరికైనా చెప్పావా, బాబాయ్?" అంది.
తడి చేతులు ఏప్రానుకి తుడుచుకుని
అతను సొరుగు లాగాడు.
మూడు చీటీలు. నూనె మరకలు.
మూడింటి మీదా అందినట్టు ఎవరివో సంతకాలు.
వాటి అడుగున నా కాగితం,
నిరుడు ఇదే గది మీద నేనిచ్చిన నివేదిక:
"లోపాలు ఏవీ లేవు."
దస్తూరీ బాగుంది, నాదే.

గుర్తొచ్చింది.
బూట్లు తడవకుండా గుమ్మంలోనే నిలబడి అడిగాను,
"ఉష్ణోగ్రత చూస్తున్నావు కదా?"
ఆ 'కదా'తోనే జవాబు కూడా నేనే చెప్పేశాను.
పాపం, అవునన్నాడు.
ఇంకో మాట అతనికి ఎక్కడ మిగిల్చాను?

గురివింద గింజలాంటిదాన్ని
పదకొండేళ్ళు ఎర్రగా మెరిశాను.

గిజ్లాన్ నివేదిక మూడే వాక్యాలు.
మీటరు పనిచేయడం లేదు.
మనిషి చెప్పాడు.
మేము వినలేదు.
'మేము' ఏ గడిలో వస్తుందని మేనేజర్ అడిగాడు.
ఫారంలో ఆ గడి లేదంది,
అంచున రాశానంది.

ఆ వారం డబ్బాలన్నీ గోదాములో ఆపేశారు.
కొత్త మీటరు వచ్చింది.
బూష్తా చెవి నూట పదహారు అన్నచోట
అది నూట పద్నాలుగు చూపించింది.
ఆ పూట అతను రొట్టె ముట్టలేదు.
గిజ్లాన్ వెళ్ళి పక్కన కూర్చుంది,
ఈసారి ఏమీ అడగలేదు.
అది ఏ స్లయిడులోనూ లేదు, నేను నేర్పలేదు.

ఇప్పుడు మా తరగతికి గది లేదు.
ఖాళీ నోటుబుక్కు, రబ్బరు బూట్లు,
తడిసే చోటికి వెళ్ళి నిలబడటం.
"చూపించు" అనాలి. ఆ తర్వాత నోరు మూసుకోవాలి.
రెండోదే కష్టం.
'కదా' అన్నవాళ్ళు ఒక దిర్హమ్
ఖాళీ సార్డిన్ డబ్బాలో వేయాలి.

డబ్బా సగం నిండింది.
ఎక్కువ నాణేలు నావే.